రెండవ పిలుపు

మద్యపానమును విడుచుట యొక్కనాఁటి పనియా, జీవితకాలపు పనియా యను ప్రశ్నమునకు నోటితో సమాధానము చెప్పుట సులభము. ఒక్కనాఁటిది కాదని యెల్లవారు నందురు. అయినను మన నడవడి చూచినచో మన మనస్సులోని నమ్మకము వేఱుగా నున్నట్లు తేటపడును. ఒకఁడు కన్నీరు కార్చుచు భార్యాపుత్రుల యెదుట నిలిచి, ఇఁక ముట్టనని ప్రమాణము చేసిన దినమున ఇంటిల్లిపాదియు సంతోషించును, బంధువులు మెచ్చుకొందురు, కష్టము గట్టెక్కినదని యందఱు నూపిరి పీల్చుకొందురు. మఱునాఁటి సాయంకాలమున నతఁడు ఏ త్రోవను ఇంటికి రావలెనో, నెలజీతము వచ్చిన దినమున ఆ సొమ్ము ఎవరియొద్ద నుండవలెనో, వచ్చు నెలలోని మేనల్లుని పెండ్లిలో నతఁడు ఎవరి ప్రక్కను గూర్చుండవలెనో యడుగువారు మాత్రము లేరు. అడిగినవానిని అపశకునము పలికినవానిఁగాఁ జూతురు. ఎవ్వరును అడుగని యీ ప్రశ్నలను గూర్చియే మేమీ చిన్నపుస్తకమున విచారింపఁదలఁచితిమి.

భారతకథ నెఱుఁగని తెలుఁగువాఁ డరుదు. ధర్మరాజు జూదములో రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని గూడ నోడెను. ద్రౌపది ధృతరాష్ట్రునివలనఁ బడసిన వరములచేత దాస్యము తొలఁగెను. పోయిన సంపద మరలి వచ్చెను. పాండవులు స్వపురమునకుఁ బయనమైరి. వారింకను త్రోవలో నుండఁగనే రెండవ పిలుపు వచ్చెను, మరల నొక్క యాట యాడుమని. ఆ యాట యెట్టిదో ధర్మరాజునకుఁ దెలియదా? నిండుసభలో ఇల్లాలికిఁ గలిగిన యవమానము ఆతని కన్నులయెదుట నింకను మెదలుచునే యుండవలెను. దుఃఖము లేనివాఁడు కాఁడు, ధర్మము తెలియనివాఁడును గాఁడు. అయినను మరలిపోయెను, కూర్చుండెను, ఓడెను, అడవుల పాలయ్యెను. ఆతనికిఁ గొఱఁతపడినది పశ్చాత్తాపము కాదు. పెద్దలు పిలిచినప్పుడు కాదనుట యెట్లు అను నొక్క చిక్కునకు ఆతనియొద్ద ముందుగా సిద్ధముచేసికొన్న బదులు లేకపోయెను. మొదటి పిలుపున నోడినవానిని లోకము క్షమించును. రెండవ పిలుపు రానే రాదని నమ్మి యూరకుండుటయే యిందలి దోషము.

ఈ కథకు వనపర్వమున నొక తరువాయి కలదు. అడవిలోనికి వచ్చిన బృహదశ్వమహర్షి నలచరిత్రమును జెప్పి, ధర్మరాజు మనస్సులో మరల నెవ్వఁడైన జూదమునకుఁ బిలుచునేమో యను వెఱపు గలదని గుర్తించి, ఆ వెఱపు తీఱునట్లు అక్షహృదయ మను విద్యను ఆతనికి నుపదేశించెను. జూదపు నేర్పును మేము మెచ్చుట లేదు. రాఁబోవు పిలుపును ముందుగా దలఁచుట, ఆ భయము నొక పెద్దయెదుట దాఁపక యుండుట, శాంతముగా నున్న దినములలోనే దానికిఁ దగిన యుపాయము నేర్చుకొనుట, ఈ మూఁటిని మాత్రము మెచ్చుచున్నాము. దుర్వ్యసనమునుండి బయటపడఁగోరు ప్రతివానికిని ఈ మూఁడును గావలెను.

ఇచ్చట భక్తులైన కొందఱు సోదరులు ఒక యాక్షేపణము చేయుదురు. మనస్ఫూర్తిగా అనుతాపపడి పరమేశ్వరుని శరణు జొచ్చినవానికి ఈ లెక్కలు, ఈ కట్టుబాటులు ఏల? ఱేపు పడుదునేమో యని యెంచుట ఈశ్వరానుగ్రహమునందు అపనమ్మకము కాదా? ఈ యాక్షేపణము తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. ఏలయన బ్రాహ్మధర్మమున అనుతాపమునకును ప్రార్థనకును మించిన సాధనములు లేవు. అయినను ప్రార్థన యన నేమి? మన బలహీనతను మనము దాఁచక సర్వసాక్షియైన దేవుని యెదుట నొప్పుకొనుటయే కదా! సాయంకాల మాఱు గంటలకు ఆ సందులోఁ బోయినచో నా కాలు నిలువదని దేవునితో నొప్పుకొన్నవాఁడు, మఱునాఁడు ఆఱు గంటలకు ఆ సందులోనే నడచినయెడల నాతని ప్రార్థన సత్యమైనదని యెట్లు చెప్పుదుము? మనము నోటితో నొప్పుకొన్న బలహీనతకుఁ దగినట్లు కాళ్లను నడపుటయే ముందుచూపు. అది విశ్వాసమునకు విరోధి కాదు. సంకల్పము ప్రాణమైనచో ఉపాయము దానికి శరీరము. శరీరము లేని ప్రాణము ఈ లోకమునఁ బని చేయఁజాలదు.

గోదావరీతీరమున నుండువారికి ఈ సంగతి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. గట్లను బలపఱచుట వేసవిలోని పని. నది యిసుకమేటలు వేసి పాయలుగాఁ బాఱు దినములలో గట్టుపై మన్ను పోయువానిని జూచి నవ్వువాఁడు వెఱ్ఱివాఁడు. 1986 వ సంవత్సరపు ఆగస్టులో వచ్చిన మహావరదను జూచినవారు నేఁటికిని మఱవలేదు. నీరు గట్టుమీఁదికి వచ్చిన తరువాత మన్నుకొఱకుఁ బరుగెత్తినచో నేమి లాభము? త్రాగవలెనను దప్పియు నట్టిదే. అది వచ్చిన గడియలో మనుష్యుని బుద్ధి ఆ దప్పికే వకీలుగా మాఱును. ఒక్క గ్రుక్క యేమి చేయును, నేఁడు మాత్రమే కదా, ఇంత కష్టపడితిని గదా యని వాదించును. ఆ గడియలో ఆలోచింపఁబోవువాఁడు శత్రువును న్యాయాధిపతిగాఁ గూర్చుండఁబెట్టినవాఁడగును. కావున ఆలోచన అంతకు ముందే ముగియవలెను. ఆ గడియకు ఆచరణము మాత్రమే మిగులవలెను.

శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పినదియు దీనికి భిన్నము గాదు. 1971 లో అమెరికా దేశపు పరిశోధకులు మద్యము, పొగాకు, హెరాయిన్ అను మూఁటిని విడిచినవారి వృత్తాంతములను బోల్చి చూడఁగా, మూఁడింటియందును మరల పడుట దాదాపు ఒకే రీతిగా నుండెననియు, పడినవారిలో నధికసంఖ్యాకులు మొదటి మూఁడు నెలలలోపలనే పడిరనియుఁ దేలెను. 1985 లో ఆలన్ మార్లట్, జూడిత్ గార్డన్ అనువారు ప్రకటించిన గ్రంథము మరల పడుటనుగూర్చియే ప్రత్యేకముగా విచారించినది. వారు కనుఁగొన్న ముఖ్యవిషయ మేమనఁగా, మరల పడుటలు పిడుగువలె ఆకసమునుండి పడునవి కావు. వానిలో నెక్కువభాగము మూఁడు ద్వారములనుండి వచ్చును. మనస్సునందలి దుఃఖము, కోపము, విసుగు మొదటిది. ఇంటివారితోనో తోడివారితోనో కలహము రెండవది. త్రాగువారి సహవాసమును వారి బలవంతమును మూఁడవది. శత్రువు వచ్చు వాకిళ్లు మూఁడేయని తెలిసిన పిమ్మట కావలి పెట్టకుండుట ఎవరి తప్పు?

మఱియొక సంగతియు వారు చూపిరి. పడుటకు ముందు మనుష్యుఁడు చిన్న చిన్న నిర్ణయములు చేయును; ఒక్కొక్కటి విడిగాఁ జూచినచో నిర్దోషముగాఁ దోఁచును. ఒక గుమాస్తా నూహింతము. అతఁడు త్రాగుడు మాని రెండు నెలలయ్యెను. ఆ బజారులో కూరగాయలు చౌకయని ఒకనాఁడు ఆ వైపు నడచును. పాత స్నేహితుఁడు కనఁబడఁగా, మాటలాడకపోవుట మర్యాద గాదని నిలుచును. దుకాణమువఱకు వెంట నడచుటలో దోషము లేదని నడచును. లోపల సోడా మాత్రము త్రాగెద ననుకొని కూర్చుండును. ఇట్లు నాలుగు మెట్లు దిగిన తరువాత నైదవ మెట్టుకడ తన సంకల్పబలమును పిలుచును, అది పలుకదు. అతఁడు పడినది మద్యపాత్రము నెత్తినప్పుడు కాదు. కూరగాయల వంక పెట్టుకొన్నప్పుడు. మొదటి మెట్టుకడ నిలుచుటకు పిల్లవాని బలము చాలును. అయిదవ మెట్టుకడ మల్లుని బలమును జాలదు.

అట్లైన ముందుగాఁ జేయవలసిన దేమి? క్రమముగాఁ జెప్పెదము.

మొదట వైద్యుఁడు. ప్రతిదినమును మిక్కిలిగాఁ ద్రాగుచుండినవాఁడు రోషముచేత నొక్కసారి మానుట సాహసము గాని వివేకము గాదు. చివరి త్రాగుడు మొదలు ఆఱు గంటలనుండి రెండు దినములలోపల కొందఱికి మూర్ఛలు వచ్చును. రెండు మొదలు నాలుగు దినములలోపల కొందఱికి ఒడలు వణఁకి, లేనివి కనఁబడి, సన్నిపాతమువంటి మతిభ్రమణము గలుగును. చికిత్స లేనిచో నది ప్రాణాంతకము. థయామిన్ అను జీవసత్త్వము లోపించుటచేత మెదడు చెడుటయుఁ గలదు. కావున మానుదినమును వైద్యునితో నాలోచించి నిర్ణయించుకొనవలెను. త్రాగుకోరికను దగ్గించు నాల్ట్రెక్సోన్ వంటి మందులు నేఁడు కలవు. వానిని వైద్యుఁ డిచ్చినయెడల తీసికొనుట సిగ్గుపడఁదగినది గాదు. నల్లమందు, హెరాయిన్ జాతి పదార్థములకు లోఁబడినవారు మఱియొకటి యెఱుఁగవలెను. కొంతకాలము మానిన తరువాత శరీరమున కా పూర్వపు టోర్పు పోవును. పాత మోతాదునే మరల తీసికొన్నచో ఊపిరి నిలిచి మరణము సంభవింపవచ్చును. ఈ సంగతి యింటివారికిని దెలిసియుండవలెను.

రెండవది అపాయకాలముల పట్టిక. కాగితము తీసికొని, తాను గతములో ఎప్పుడెప్పుడు, ఎవరితో, ఏ మనోవికారముతోఁ ద్రాగెనో దాఁపక వ్రాసికొనవలెను. జీతపు దినము; సంక్రాంతికి కోడిపందెముల బరి; దసరాకు బంధువుల విందు; ఊరిలోని చావు, దినవారములు; అధికారి కసరిన సాయంకాలము; భార్య పుట్టినింటికిఁ బోయి యిల్లు బోసిపోయిన రాత్రి. ఒకరి పట్టిక మఱియొకరికిఁ బనికిరాదు. సంతోషమున పడువాఁ డొకఁడు, దుఃఖమునఁ బడువాఁ డొకఁడు, ఏమియుఁ దోఁచక పడువాఁడు మఱియొకఁడు.

మూఁడవది ప్రతి యపాయమునకును ఒక నిర్ణీతమైన బదులు. జాగ్రత్తగా నుండెదనను మాట బదులు గాదు. పీటర్ గోల్విట్జర్ అను జర్మనీదేశపు మనశ్శాస్త్రజ్ఞుఁడు 1999 లో ప్రకటించిన వ్యాసమున, ఇది చేయఁదలఁచితిని అనుకొన్నవారికంటె, ఇట్లు జరిగినప్పు డిట్లు చేసెదను అని కాలమును, స్థలమును, క్రియను జతపఱచి నిశ్చయించుకొన్నవారు తమ తలంపులను ఎక్కువగా నెఱవేర్చుకొందురని చూపెను. కావున ఇట్లు వ్రాయవలెను. జీతము వచ్చిన నాఁడే దానిని ఇల్లాలి ఖాతాకుఁ బంపెదను. పెండ్లిలో ఎవఁడైన పాత్ర చేతికిచ్చినచో, వైద్యుఁడు వలదన్నాఁడని యొక్క మాట చెప్పి, చేతిలో మజ్జిగ పట్టుకొని, ఆఁడువారును పిల్లలును ఉన్న పంక్తికిఁ బోయెదను. కోరిక పుట్టినచో నిలిచియున్న చోటు విడిచి నడచెదను. ఆ కోరిక యలవలె లేచి, తినిపించకుండినచో కొంతసేపటికి దానంతట నది యడఁగునని జ్ఞాపకము తెచ్చుకొనెదను.

నాలుగవది ఒక మనుష్యుఁడు. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను నొక వ్యాపారి న్యూయార్కునుండి ఓహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వచ్చి, తన కార్యము చెడిపోఁగా ఒంటరియై హోటలు నడవలో నిలిచియుండెను. త్రాగుడు మాని కొన్ని నెలలే యయ్యెను. ఒక వైపున మద్యశాలలోని నవ్వులు వినవచ్చుచుండెను. మఱియొక వైపున టెలిఫోను ఉండెను. తనవంటి త్రాగుఁబోతులతో మాటలాడుటకుఁ బోయిన దినములలోఁ దాను త్రాగలేదను సంగతి యతనికి స్మరణకు వచ్చి, టెలిఫోనునొద్దకుఁ బోయి, ఒక మతగురువు ద్వారమున వెదకుచు, తుదకు రాబర్ట్ స్మిత్ అను వైద్యుని దర్శించెను. ఆ వైద్యుఁడును మద్యమునకు దాసుఁడే. ఆ వైద్యుఁడు తుదిసారిగాఁ ద్రాగిన దినమైన 1935 జూన్ 10 వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము తన జన్మదినముగా నెంచుచున్నది. ఒక్క టెలిఫోనువలన నింత జరిగెను. కావున ఎవరిని పిలువవలెనో యా పేరు ముందుగనే నిర్ణయించుకొని, అర్ధరాత్రమైనను పిలువవచ్చునా యని ముందుగనే యడిగి యుండవలెను. అట్టివాఁడు దొరకనివారికి మన దేశమున వ్యసనవిముక్తికై 14446, మనోవ్యథకై టెలి మానస్ వారి 14416 అను సంఖ్యలు కలవు.

అయిదవది ఖాళీ గడియలకు వృత్తి. త్రాగుడు పోయినపుడు సాయంకాలమున మూఁడు గంటలు మిగులును. ఆ మూఁడు గంటల కేదియు నియమింపనివాఁడు పాత యజమానునికే యిల్లు తెఱచి యుంచినవాఁడు. బిడ్డల చదువో, తోటపనియో, భజనయో, గ్రంథాలయమో, ఏదైనను సరియే. పేరు, వేళ నిర్ణయమై యుండవలెను.

ఆఱవది చెప్పుటకుఁ గొంత జంకు గలదు, ఐనను జెప్పక తీఱదు. జాఱినచో నేమి చేయవలెనో యదియు ముందుగా నిర్ణయించుకొనవలెను. ఒక్క గ్రుక్క త్రాగినవాఁడు, వ్రతము చెడినది, నేను పనికిమాలినవాఁడను, ఇఁక నెంత త్రాగిన నేమి యని తలఁచును. ఒక గ్రుక్కను ఒక వారపు త్రాగుడుగా మార్చునది పెక్కుసారులు ఈ నిరాశయే. కావున ఆ గంటలోనే పాత్రను విడిచి, ముందు పేర్కొన్న మనుష్యునకుఁ దెలిపి, మఱునాఁటి యుదయమున వైద్యునియొద్దకుఁ బోయి, పట్టికలో ఏ వాకిలి తప్పిపోయెనో దానిని జేర్చుకొనవలెను.

ఇది పాపమునకు ముందుగా నిచ్చు అనుజ్ఞ కాదా యని యడుగుదురు. మేమును దీనినిగూర్చి చాల కాల మాలోచించితిమి. గోదావరిలో నావ నడపువాఁడు నీరు తోడు పాత్రను వెంట నుంచుకొనును; నావలో నీరు నిండవలెననియా? అనుజ్ఞకును సిద్ధపాటునకును గుఱుతు లివి. అనుజ్ఞ రహస్యముగా నుండును. సిద్ధపాటు మఱియొకరికిఁ దెలిసియుండును. అనుజ్ఞ యీ యొక్కసారికని చెప్పును. సిద్ధపాటు ఆ గంటలోనే లెమ్మని చెప్పును. తన యుపాయమును ఇల్లాలి యెదుట గట్టిగాఁ జదువఁగలవాఁడు ఆత్మవంచకుఁడు కాఁడు.

ఇల్లాలి మాట వచ్చినది కావున నొక్కటి చెప్పవలెను. త్రాగువానికి భార్యను కావలికాపుగా నియమించుట మన యిండ్లలోని యన్యాయములలో నొకటి. ఆమె జేబులు వెదకవలెను, వాసన చూడవలెను, అతఁడు పడినచో ఆమెయే సరిగాఁ జూచుకొనలేదని నింద మోయవలెను. శాంతముగా నున్నప్పుడు అతఁడు తానై, ఈ సొమ్ము నీయొద్ద నుంచుము, నేను మరల నడిగినను ఈయకుము అని కోరుట వేఱు. ఆమె భయముతో లాగుకొనుట వేఱు. మొదటిది యాతని స్వాతంత్ర్యము. రెండవది యామె దాస్యము. ఉపాయము పన్నవలసిన భారము పడినవానిదే. ఇంటివారు సహాయులు గాని పూఁటకాపులు గారు.

ప్రభుత్వపుఁ గట్టుబాటులును ఇట్లే విచారింపఁదగినవి. 1937 అక్టోబరు 1 వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధ మారంభమై మఱుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపించెను. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట మొదలైన గ్రామముల స్త్రీలు సారాయి దుకాణముల నెదిరింపఁగా, 1993 లో ఆంధ్రప్రదేశమున సారాయియు, 1995 జనవరిలో మద్యమంతయు నిషేధింపఁబడెను. 1997 లో ఆ నిషేధము సడలింపఁబడెను. ఆ స్త్రీల ధైర్యమును మేము తలవంచి గౌరవించుచున్నాము. దుకాణము మూసినదినమున నెన్ని యిండ్లలోఁ బొయ్యి వెలిఁగెనో వారే యెఱుఁగుదురు. అయినను ఒరులు వేసిన కంచెను ఒరులే తీయుదురు. కంచె యున్న దినములలో లోపలి గట్టును వేసికొననివాఁడు కంచె పోయిన దినముననే కొట్టుకొనిపోవును.

ఇదంతయు పడినవారికేనా, నిలిచియున్నవారికి విధి లేదా? 2019 లో భారతప్రభుత్వము ప్రకటించిన వివరణమునుబట్టి మద్యమువలని చిక్కులకు సహాయము కావలసినవారు మన దేశమున 5 కోట్ల 70 లక్షలమంది. మద్యమునకు దాసులైనవారిలో ఏదేని చికిత్స పొందినవాఁడు 38 మందిలో ఒక్కఁడు. మిగిలిన ముప్పది యేడుగురును మన పంక్తిలోనే కూర్చుండుదురు. విందు చేయువాఁడు మద్యము పెట్టకుండిన నేమి తక్కువ? వలదన్నవానిని రెండవసారి బలవంతపెట్టుట స్నేహము కాదు, అది ధర్మరాజునకు వచ్చిన రెండవ పిలుపు. ఆ పిలుపు మోసికొనిపోవు దూతలము మనము కాకుందుము గాక.

సోదరులారా, త్రాగుడు విడువఁదలఁచినవాఁడు మీలో నెవఁడైన నుండినచో, ఈ రాత్రి ప్రార్థన కాఁగానే దీప మార్పకుఁడు. కాగితము తీసికొని ఱేపటి సాయంకాలమును మాత్రము వ్రాయుఁడు: ఏ త్రోవ, ఎవరితోడు, సొమ్ము ఎక్కడ, ఎవరికిఁ దెలుపవలెను. నాలుగు పంక్తులు చాలును. ఎల్లుండి సంగతి ఱేపు వ్రాయవచ్చును.

ఓ సర్వసాక్షీ, మా బలహీనత నెఱిఁగిన తండ్రీ! మేము గట్టిగా నున్నామను గర్వమునుండి మమ్ముఁ దప్పింపుము. మాకు దప్పి కలుగని గడియలలో వివేకము నొసఁగుము. దప్పి కలిగిన గడియలో ఆ వివేకము చెప్పిన త్రోవనే మా యడుగులు నడపుము. పడినచో దాఁగకుండ నీ వెలుఁగులోనికి మరల లేచి వచ్చు ధైర్యమును బ్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.